మిద్దె మీది ఎమ్మిగనూరు టేషను

భీమసేనరావు డ్రాయింగు మాస్టారు. ఆదోని హైస్కూల్లో పిల్లలకు కూజా, మామిడిపండు వేయడం నేర్పి, సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా విప్పేసి మిద్దెక్కేవాడు. మిద్దె మీద ఆయన సొంత రైల్వే ఉండేది. నవ్వకండి, నిజంగానే ఉండేది! పౌడరు డబ్బా బాయిలరు, దారపు రీలు పొగగొట్టం, మందుసీసాల మూతలు చక్రాలు, సైకిలు పుల్లలు పట్టాలు. వాటి కింద వరసగా అగ్గిపుల్లలు. కంకర కావాలంటే ఇసుక జల్లెడ పట్టేవాడు. గింజ రాల్చిన జొన్నకంకులకు పచ్చరంగు పూస్తే చెట్లయ్యేవి. ఇక కొండలంటారా, ఆదోనిలో రాళ్ళకేం కరువు? దోసెడు రాళ్ళు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేరిస్తే అచ్చం ఊరి వెనక కొండే.

భార్య కమలాబాయికి ఒళ్ళు మండేది. "డబ్బాలో పౌడరు సగం కూడా కాకముందే దాన్ని ఇంజను చేసి కూర్చుంటారు. ఏం మనిషండీ మీరు!" అని తిట్టేది. తిట్టి, తనే ఊదొత్తి వెలిగించి తెచ్చి పొగగొట్టం కింద పట్టుకునేది. ఫోటోల్లో పొగ అంతా ఆవిడ చలవే.

ఆయనకు ఫోటోయే అసలు పని. పాత కెమెరాలో దగ్గరి వస్తువు సరిగా పడేది కాదు. అందుకని తన చత్వారపు కళ్ళజోడు అద్దం ఊడదీసి కెమెరా ముందు అతికించేవాడు. అది పోయాక ఆయనకు ఏమీ ఆనేది కాదు, బండి పట్టాల మీదుందో కిందుందో కమలాబాయే చెప్పాలి. పొద్దు వాలి నీడలు సాగేదాకా కాచుకుని, నేల మీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి నొక్కేవాడు. ఆ ఫోటో చూసినవాళ్ళు "ఏ ఊరి రైలు సార్ ఇది?" అని అడగాలి. బతుకులో ఆయనకున్న ఆశ అదొక్కటే. అడిగితే "మన వైపుదే" అని ఊరుకునేవాడు. బొమ్మ అని మాత్రం చచ్చినా ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఆయన పుట్టినూరు ఎమ్మిగనూరు. ఆ ఊరికి రైలు లేదు. ఓట్లప్పుడల్లా వస్తుందనేవాళ్ళు, ఓట్లయ్యాక ఆ ఊసే ఎత్తేవాళ్ళు కాదు. ఎనభై రెండు వేసవి సెలవుల్లో మాస్టారికి ఒక బుద్ధి పుట్టింది. అట్టముక్కలతో స్టేషను కట్టి, పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో మూడు భాషల్లో 'ఎమ్మిగనూరు' అని రాశాడు. ఆ ఫోటోను పెద్దది చేయించి, ఆ ఊళ్ళో బట్టలంగడి పెట్టుకున్న చిన్ననాటి స్నేహితుడు జనార్ధన్‌కు ఇచ్చాడు. జనార్ధన్ మహా కొంటెవాడు. దాన్ని గోడకు తగిలించి, వచ్చినవాళ్ళందరికీ "రైలు వచ్చేసినాదప్పా, మీకింకా తెలీదా?" అనేవాడు. అందరూ నవ్వి పోయేవాళ్ళు. ఉచ్చీరమ్మ నవ్వలేదు.

ఉచ్చీరమ్మ మగ్గం నేసుకుని బతికే మనిషి. కూతురు హనుమంతమ్మ కాపురం గుంతకల్లులో. నెలలు నిండి, అమ్మ పక్కనుంటేనే ధైర్యమని కబురు పంపింది. ఉచ్చీరమ్మకేమో బస్సెక్కితే వాంతులు, రైలు ఎన్నడూ ఎక్కలేదు. ఫోటో చూసి దేవుడే పంపాడనుకుంది పాపం. మూట నెత్తిన పెట్టుకుని ఊరి చుట్టూ చేలెంబడి స్టేషను కోసం తిరిగింది. అడిగినచోటల్లా నవ్వులే. చివరికి జనార్ధన్ సిగ్గుపడి, ఫోటో తీసిన సామినే అడగమని ఆదోని బస్సెక్కించాడు.

వాంతులతో వడిలిపోయి వచ్చి మాస్టారి గడపలో కూలబడింది.

"సామీ, ఆ టేషను యాడుందో సెప్పు. తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయినాయి."

మాస్టారు గబగబా చొక్కా తగిలించుకున్నాడు. "అది... ఇంకా తెరవలేదమ్మా" అని ఓ అబద్ధం ఆడేశాడు. "ఈడనే ఆదోనిలో ఎక్కుదువు పద, నేను టికెట్టు తీస్తా."

కమలాబాయి ఆయన్ని ఒక చూపు చూసింది. ఉచ్చీరమ్మకు మజ్జిగ ఇచ్చి, తనూ వెంట బయల్దేరింది.

ఆదోని స్టేషనులోకి గుంతకల్లు పాసింజరు వచ్చింది. డీజిలు ఇంజను. దాన్ని చూడగానే ఉచ్చీరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇది రైలు కాదు. గొట్టం యాడ? పొగ యాడ? ఫోటోలో బండి ఇట్ల లేదు. ఆ బండి వచ్చేదాకా ఈడనే కూసుంటా."

"ఇదీ రైలేనమ్మా, నూనెతో పోతాది."

"పొద్దున్నుంచి అందరూ నన్ను ఎగతాళి చేస్తాండారు. నాకు నీ ఫోటో మీద తప్ప ఎవరి మాట మీదా నమ్మకం లేదు సామీ!"

గార్డు ఈల వేశాడు. ఏ నమ్మకం కోసం మాస్టారు ఇన్నేళ్ళు మిద్దె మీద పొర్లాడాడో ఆ నమ్మకమే ఇప్పుడు అడ్డం కూర్చుంది. కమలాబాయి మోచేత్తో పొడిచింది. "చెప్పండి. అక్కడ పిల్ల కనడానికుంది."

"ఉచ్చీరమ్మా, ఆ ఫోటో అబద్ధం. ఆ ఇంజను మా ఇంట్లో పౌడరు డబ్బా. ఆ పొగ ఊదొత్తి పొగ. టేషను మా మిద్దె మీదుంది, జానెడంత. ఇదే నిజం బండి. ఎక్కు తల్లీ, నీ బిడ్డ కాచుకోనుంటాది."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"అట్లయితే మన ఊరికి రైలు రాలేదా?"

"రాలేదమ్మా."

ఆ ఒక్క మాట అనడానికి మాస్టారికి ప్రాణం పోయినంత పనయింది. ఉచ్చీరమ్మ మూట లోపలికి తోసి, కమలాబాయి చెయ్యి ఆసరాగా పట్టుకుని ఎక్కింది. బండి కదిలింది. ఇక తిడుతుంది, తిట్టనీ అనుకుని మాస్టారు కిటికీ పక్కనే నడిచాడు.

"సామీ!" అని అరిచింది ఉచ్చీరమ్మ కమ్మీలు పట్టుకుని. "దాన్ని పీకేయొద్దు. నీ మిద్దె మీదన్నా ఉండనీ మన ఊరి టేషను!"

మాస్టారు ప్లాట్‌ఫారం మీదే ఏడ్చేశాడు. కమలాబాయి కొంగు అందించింది.