పంటికి తెగని దారం

మొన్న జగిత్యాలలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, నా కూతురికంటే చిన్నదైన ఆ అమ్మాయి నోట్లో అద్దం పెట్టి చూసి, ముందు పన్ను ఇంత అడ్డంగా ఎలా విరిగిందని అడిగింది. అన్నంలో రాయి వచ్చిందని చెప్పాను. ఇన్నేళ్ళుగా అందరికీ అదే చెబుతున్నాను, దానివల్ల బియ్యం సరిగ్గా ఏరదని మా ఇంటావిడకు లేనిపోని చెడ్డపేరు వచ్చింది. నిజం చెప్పాలంటే సముద్రం దగ్గర మొదలుపెట్టాలి. అంత తీరిక ఆ అమ్మాయికి ఎక్కడిది, బయట బెంచీ మీద ఇంకా నలుగురు దవడలు పట్టుకుని కూర్చున్నారు. ఆ రోజుల్లో నాతోపాటు విమానం ఎక్కినవాళ్ళకైతే చెప్పుకోవచ్చు. మనం ఖతార్ పోయినా, మస్కట్ పోయినా ఊళ్ళోవాళ్ళకు అన్నీ దుబాయే.

చమురు డబ్బు పొంగి దోహా అంతా క్రేన్లతో నిండిపోయిన కాలం అది. నేను అల్ ఘర్రాఫాలో విల్లాలు కడుతున్న సైటులో సెంట్రింగ్ కార్పెంటర్‌ని. మా అక్క భర్త, అంటే మా బావ, అదే సైటులో స్లాబులకు ఇనుప కడ్డీలు కట్టేవాడు. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో పై మంచం నాది, కింది మంచం ఆయనది. ఆయన కడ్డీ మీద కడ్డీ పెట్టి, తీగ చుట్టి, ఒక్క మెలికతో బిగించి పక్క ముడికి పోతుంటే నేపాలీలు పని ఆపి చూసేవాళ్ళు. ఎవరినీ మెచ్చుకునే అలవాటు లేని మా ఫోర్‌మన్ కూడా చిక్కు బీములు వచ్చినప్పుడు మా బావనే పిలిపించేవాడు. ఊళ్ళో అక్క బీడీలు చుడితే వచ్చేది ఉప్పుకూ చింతపండుకూ సరిపోయేది, మిగతా ఇల్లంతా ఈయన కుడిచేతి మీదే నడిచేది.

మా బావవాళ్ళది తాతల నాటి నుంచి చెరువులో చేపలు పట్టే ఇల్లు. అందుకే శుక్రవారం సెలవు వస్తే ఆయన కాలు నిలిచేది కాదు. తెలిసిన పఠాను బండి మాట్లాడుకుని, ఇప్పుడు లుసైల్ అని అద్దాల నగరం వెలిసిన వైపు పోయేవాళ్ళం. అప్పుడక్కడ ఉప్పునేలా, రాళ్ళగట్టూ, సముద్రమూ తప్ప మరేమీ లేవు. గాలానికి గడకర్రా, దారం చుట్టే చక్రమూ ఆయనకు గిట్టవు. దారాన్ని అరచేతికి రెండు చుట్లు చుట్టి, చూపుడువేలి మీదుగా నీళ్ళలోకి వదిలేవాడు. చేప ఎరను ముట్టిందో లేదో వేలికే తెలియాలన్నది వాళ్ళింటి పద్ధతి. ముడి వేశాక మిగిలిన కొసను పంటితో కొరికి ఉమ్మేసేవాళ్ళు. గాలం వేసేవాడు కత్తి వెంట తెచ్చుకుంటే వాళ్ళవైపు నవ్వుతారు. ఊరి చెరువులో కొర్రమట్టల మీద ఆ పద్ధతి ఏనాడూ వమ్ము కాలేదు.

అయితే ఆ సముద్రపు నీళ్ళు మన చెరువునీళ్ళలా బురద కావు, అడుగున గవ్వ కూడా కనబడేంత తేట. చేపలు వచ్చేవి, ఎర దాకా వచ్చి తిరిగి పోయేవి. పక్కన గడకర్రలతో కూర్చున్న ఫిలిప్పీన్సువాళ్ళు మాత్రం సంచి నింపుకుని పోయేవాళ్ళు. గాలం సామాను అమ్మే మలయాళీ ఆయన రహస్యం విప్పాడు. మేము వాడే నైలాన్ దారం, ఆయన మాటలో మోనో, నీళ్ళలో చేపకు కనబడుతుందట. ఫ్లోరోకార్బన్ అని ఇంకొకటి ఉంది, అది నీళ్ళలో నీళ్ళైపోతుంది, అడుగుకు మునుగుతుంది, రాయికి రాసుకున్నా అంత తొందరగా తెగదు, కాకపోతే ధర మూడింతలు. రెండు చుట్టలూ మా ముందు పెట్టాడు. నేను మోనో పక్షం. అది మెత్తన, లాగితే కాస్త సాగుతుంది, ముడి చెప్పినట్టు వింటుంది. ఆ రెండోది ఇనుపతీగలా బిర్రుగా ఉంది, ముడి వేయబోతే విప్పుకుంటోంది. ఉన్న దారం చాలదా, చెమటోడ్చి సంపాదించిన ఫులూస్ తీసుకెళ్ళి నీళ్ళలో పోస్తావా అని నేను గొణిగాను. బావకు అప్పటికే పౌరుషం వచ్చేసింది.

“చేప నన్ను జూసి పోతలేదు బామ్మర్దీ, దారాన్ని జూసి పోతున్నది,” అన్నాడు. అంతే, ఫ్లోరోకార్బన్‌లోనూ లావుపాటి చుట్ట కొన్నాడు.

ఆ శుక్రవారం పొద్దున చలిగాలి వీస్తోంది. ఆయన ఎప్పటిలాగే అరచేతికి రెండు చుట్లు చుట్టాడు. రెండు మంచి చేపలు పడ్డాయి కూడా, ఆయన ముఖంలో అంత వెలుగు నేను దేశం దాటాక చూడలేదు. మూడోసారి పట్టినది ఏమిటో మేము కళ్ళతో చూడనే లేదు. దారం ఒక్కసారిగా లోతుకు ఈడ్చుకుపోయింది. మోనో అయితే సాగి ఒక క్షణం వెసులుబాటు ఇచ్చేది. ఇది సాగలేదు, చుట్లు బిగుసుకుని చర్మంలోకి, చర్మం దాటి లోపలికి దిగాయి. ఆయన రాళ్ళ మీద మోకాళ్ళ మీద పడి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు.

“కొరుకు,” అన్నాడు.

కొరికాను. ఎప్పుడూ దారాన్ని అలాగే తెంపినవాళ్ళం, మా దగ్గర కత్తి ఎక్కడిది. పన్ను విరిగింది గాని దారం తెగలేదు. మళ్ళీ కొరికాను, నోట్లో నెత్తురు నాదో ఆయనదో తెలియలేదు. రాయి అందుకుని దారాన్ని నూరుతున్నాను. ఇంతలో అవతల గాలం ఊడినట్టుంది, దారం దానంతటదే వదులైంది. ఫిలిప్పీన్సువాళ్ళు పరుగెత్తుకొచ్చి, తమ చొక్కా చుట్టి, తమ బండిలోనే ఆసుపత్రికి చేర్చారు. వాళ్ళ పేర్లు కూడా నేను అడగలేదు.

కుట్లు వేసిన డాక్టరు, వేళ్ళను ముడిచే నరాలు తెగాయని, ఇంకో ఆపరేషనూ, నెలల తరబడి విశ్రాంతీ కావాలని చెప్పాడు. డ్యూటీలో తగిలిన దెబ్బ కాదు గనుక తమకు సంబంధం లేదంది కంపెనీ. బావ ఆపరేషన్ మాట ఎత్తనివ్వకుండా, గ్లవ్ కింద కట్టు దాచుకుని పనికి ఎక్కాడు. కడ్డీలు నేను అందిస్తుంటే ఎడమచేత్తో తీగ తిప్పడానికి చూసేవాడు, తీగ జారిపోయేది. చీము పట్టి వాసన వచ్చాక ఫోర్‌మన్ గ్లవ్ తీయించాడు. కాసేపు చూసి, తల అడ్డంగా ఊపి, వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే బావను ఇంటికి పంపేశారు.

పని పోవడమే పెద్ద దెబ్బ అనుకున్నాను. దానికంటే పెద్దది నేను సెలవు మీద ఇంటికి వచ్చాక గాని తెలియలేదు. బావ కుడిచేతి మూడు వేళ్ళు ముడుచుకోవు, అన్నం ముద్ద పట్టలేడు. ఎడమచేత్తో తినేవాడు, అదీ తలుపు దగ్గరికి వేసుకుని. మనవైపు ఎడమచేత్తో తినేవాణ్ణి బంతిలో ఎవరు కూర్చోనిస్తారు, కూర్చోనిచ్చినా ఆ చూపులు భరించేదెవరు. దావత్‌లంటే అందరికంటే ముందుండే మనిషి, ఆ తర్వాత ఏ పెళ్ళికి పిలిచినా “కడుపుల మంచిగ లేదు, మీరు పోయిరాండ్రి” అనేవాడు. కన్నకూతురి పెళ్ళిలో వియ్యంకులు బంతికి పిలుస్తుంటే, వంటపందిరి వెనక నిలబడి, తిన్నానని చెప్పాడు. నాకు తెలుసు, తినలేదు. ఆ రోజు రాయితో ఇంకొంచెం గట్టిగా నూరవలసింది గదా అని నా మనసు ఎన్నిసార్లు ఏడ్చిందో చెప్పలేను.

బావ పోయి మూడేళ్ళయింది. ఈ మధ్య అక్క మనవడి పెళ్ళికి వెళితే ఎక్కడా బంతులు లేవు. అందరూ పళ్ళెం పట్టుకుని, నిలబడి, చెంచాలతో తింటున్నారు. ఎవరో ఒకాయన కుడిచేత్తో ఫోను చెవికి ఆనించుకుని, పళ్ళెం బల్ల మీద పెట్టి, ఎడమచేత్తో హాయిగా బిర్యానీ తింటున్నాడు. ఆయన వంక ఎవరూ తిరిగైనా చూడలేదు, నేనూ మా అక్కా తప్ప.

“ఇట్లుంటే మీ బావ గూడ అచ్చి తినేటోడురా,” అంది అక్క.

ఈ బఫే భోజనాలను మన వయసువాళ్ళం తిట్టని రోజు ఉండదు, అడుక్కుతినే పద్ధతని నేనే ఎన్నోసార్లు తిట్టాను. ఇక తిట్టలేను. కాలం ఎలాగూ మారేదే అయితే, ఆ మనిషి బతికి ఉండగా మారితే దాని సొమ్మేం పోయేదని మాత్రం అడగాలనిపిస్తుంది.