నిమ్మకాయ కట్టిన తీగ

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, నాంపల్లిలో కరెంటు పోతే అందరూ విద్యుత్తు వాళ్లను తిట్టుకునేవారు, మా మేనమామ ఒక్కడు మాత్రం ముసిముసిగా నవ్వుకునేవాడు. ఆయన పెళ్లిళ్లకూ, చర్చి కూడికలకూ మైకులు, లైట్లు, జనరేటరు కిరాయికిచ్చేవాడు. జనరేటరు నాలుగు చక్రాల ట్రాలీ మీద ఉండేది. దాన్ని లాగించడానికి ప్రతిసారీ ఎవరినో బతిమాలలేక చివరికి ఒక పాత డీజిల్ పికప్ కొనాలని నిశ్చయించుకుని, డిగ్రీలో రెండు సబ్జెక్టులు పోయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నన్ను డ్రైవరుగా ఎంపిక చేశాడు. "లైసెన్సున్నది కద, ఇంకేంది ఫికర్?" అన్నాడు. లైసెన్సు ఉన్న మాట నిజమే. ధైర్యం కూడా అదే ఆఫీసులో ఇస్తారని ఆయన అనుకున్నట్టున్నాడు. నేను పిల్లి అడ్డొస్తే కాదు, పిల్లి నన్ను చూస్తే భయపడే రకం. అయినా జీవితంలో మొదటిసారి ఒకరు నన్ను నమ్మి పని ఇస్తున్నారంటే కాదనలేకపోయాను.

బండి చూడటానికి గౌలిగూడ వెళ్లాం. మేం వెళ్లేసరికే ఇంజన్ నడుస్తోంది. అమ్మేవాడు మర్యాద కొద్దీ మా కోసం ముందే స్టార్ట్ చేసి ఉంచాడని మామ మురిసిపోయాడు. (పాత డీజిల్ బండి కొనేవాడు చల్లారిన ఇంజన్‌ని తన ఎదుటే స్టార్ట్ చేయించి చూడాలని మాకు మర్నాడు పొద్దున తెలిసింది.) డిసెంబరు చలిలో అది ఎంత బతిమాలినా లేవలేదు. వీధి వీధంతా కదిలొచ్చి తోస్తే ఒకసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, ఎదురింటి వాళ్లు ఆరేసుకున్న తెల్ల దుప్పటిని కాకి రంగులోకి మార్చి, అప్పుడు లేచింది. ఆ పొగ ఆ తర్వాత ఎన్నడూ పూర్తిగా పోలేదు. నేను రోడ్డెక్కితే చాలు, స్కూటర్ల వాళ్లు, ఆటోల వాళ్లు వెనక నుంచి అరిచేవారు. మొదట్లో తల తిప్పి చూసేవాణ్ని. తర్వాత చూడటం మానేసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, క్షమించండన్నట్టు ఊపడం నేర్చుకున్నాను. ఈ అలవాటు గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం పడుతుంది.

బండిని బాగుచేసే బాధ్యత నాంపల్లి స్టేషను వెనక షెడ్డులో ఉండే పాన్ మిస్త్రీది. నోట్లో పాన్ లేని క్షణం ఆయన జీవితంలో లేదు కాబట్టి ఆ పేరు. ఫిల్టరులో నీళ్లు చేరితే ఎలా వదలాలో, డీజిల్ పైపులో గాలి పడితే ఎలా తీయాలో ఓపిగ్గా నేర్పేవాడు. నేను నేర్చుకున్నదంతా భయపడటానికి కొత్త కారణాలుగా మార్చుకునేవాణ్ని. అన్నిటికన్నా పెద్ద భయం ట్రాలీని బండికి తగిలించే కొండి. ఆ కొండిలో పైనుంచి బొటనవేలంత లావు ఇనప పిన్ను దిగుతుంది. ఆ పిన్ను పైకెగిరి రాకుండా దాని కింది చివర ఒక చిన్న లాకు ఉండాలి. అది ఎప్పుడో పోయింది. మిస్త్రీ దాని బదులు బైండింగు తీగ తెచ్చి పిన్ను కింది రంధ్రంలోంచి దూర్చి, నాలుగు మెలికలు తిప్పి, మిగిలిన తీగకు ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు గుచ్చి వేలాడదీశాడు. "పిన్ను ఊడది, దిష్టి తగలది. ఒక్క తీగతోని రెండు పనులు" అన్నాడు. నేను రెండో పని మాత్రమే విన్నాను. ఎందుకంటే ఆ మిరపకాయలు చూసిన క్షణం నుంచి నా మనసంతా మా అమ్మమ్మ మీదే ఉంది.

మా అమ్మమ్మ మెదక్ మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా, అది కుక్కర్ అయినా సరే, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయందే వాడనివ్వదు. ఆ ఆదివారం అబిడ్స్‌లో ఒక చర్చి ఆవరణలో క్రిస్మస్ కూడిక. మామకు అది పెద్ద కాంట్రాక్టు. "కూడిక మంచిగ అయితే బండి నీదే అనుకో. ఏమన్న గడబిడ అయ్యిందో, తాళంచెవి నాకిచ్చి ఇంట్ల కూసో" అని ముందే చెప్పి స్కూటరు మీద వెళ్లిపోయాడు. నేను బయల్దేరబోతుంటే అమ్మమ్మ ప్రార్థనకని వచ్చింది. బండి చుట్టూ తిరిగి, కొండి దగ్గర ఆగింది.

"ఏంది బిడ్డా గిది?"

"మిస్త్రీ కట్టిండు అమ్మమ్మా."

"ప్రభువు పనికి పొయ్యే బండికి మిరపకాయలా? తియ్యి. నేను ప్రార్థన చెయ్యాల్నా, వద్దా?"

నాకు మిస్త్రీ అంటే భయం, మామ అంటే భయం, కానీ అమ్మమ్మ అంటే ఇంకా భయం. కట్టింగు ప్లేయరు తీసి ఆ తీగను నా చేత్తోనే తెంపాను. మెలికలు మిగిలితే బాగుండదని వాటిని కూడా శుభ్రంగా లాగేశాను. అమ్మమ్మ కళ్లు మూసుకుని, ఈ బండినీ దీని వెనక వచ్చేదాన్నీ కాపాడమని చాలాసేపు వేడుకుంది.

అబిడ్స్ దాకా నా ప్రయాణం నా జీవితంలోకెల్లా హాయిగా సాగింది. ఒక స్పీడ్ బ్రేకరు దాటాక బండి ఒక్కసారిగా తేలికైంది. మిస్త్రీ ఇంజన్ భలే బాగుచేశాడే అనుకున్నాను. వెనక నుంచి జనం అరిచారు. నేను ఎప్పటిలాగే చెయ్యి బయటపెట్టి క్షమాపణ ఊపాను. ఇంకా గట్టిగా అరిచారు. నేను ఇంకా వినయంగా ఊపాను. చర్చి గేటులోంచి దర్జాగా లోపలికి వెళ్లి, సంఘ పెద్దల ముందు ఆపి, దిగాను. మామ నా వెనక్కి చూశాడు. నేనూ చూశాను. కొండి ఉంది. కొండి తర్వాత అబిడ్స్ రోడ్డు ఉంది.

"జనరేటరేది రా?" అన్నాడు మామ.

అంత బరువున్న ఇనుము, ఆదివారం సాయంత్రం, అబిడ్స్. వచ్చిన దారినే పరుగెత్తాను. ఎక్కడ జనం మూగి కనిపిస్తే అక్కడ నా గుండె ఆగింది. ఒకచోట గుంపును తోసుకుని లోపలికి వెళ్తే చెరుకురసం బండి. ఇంకోచోట ఒకావిడ బావురుమంటుంటే అటు ఉరికాను (ఆమె చెప్పు తెగింది, కొత్తదట). దూరంగా అంబులెన్సు కూత వినిపించింది. అది ఎటు పోతోందో చూసే ధైర్యం లేక చెవులు మూసుకుని పరుగెత్తాను. ఎవరికీ ఏమీ కాకూడదు, ఆ ఒక్కటి ఇస్తే జన్మలో స్టీరింగు ముట్టను అని దేవుడికి మాటిచ్చాను. ఇవాళ నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ నాలుగు వందల గజాల్లో నేను హంతకుణ్నయి, జైలుకు వెళ్లి, మా అమ్మ ఏడుపు కూడా విన్నాను.

ట్రాలీ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలమ్మే ఒకాయన దుకాణం పక్కన బుద్ధిగా నిలబడి ఉంది. ఊడిన ట్రాలీ ముక్కు నేలకు తగిలి, గీసుకుంటూ గీసుకుంటూ వచ్చి ఫుట్‌పాత్ అంచుకు ఆనుకుని ఆగిందట. మళ్లీ దొర్లకుండా ఆయన నాలుగు చక్రాల కిందా లావుపాటి పుస్తకాలు కుక్కాడు.

"నీదేనా అన్నా? ఎవ్వలికేం గాలే, ఫికర్ చెయ్యకు" అన్నాడు. "నిన్ను పిలిస్తిమి, పిలిస్తిమి. నువ్వేమో టాటా చెప్పుకుంట పోతివి."

నేను ఆ పుస్తకాల పక్కనే కూలబడి ఏడ్చాను. ఆయన నా భుజం తట్టి, "పుస్తకాలు ఖరాబైనయని ఏడుస్తున్నవా? అవి ఇన్‌కం టాక్సువి, ఎవ్వడు కొంటలేడు" అని ఓదార్చాడు.

ఈలోగా మామ స్కూటరు మీద మిస్త్రీని ఎక్కించుకుని వచ్చాడు. మిస్త్రీ రోడ్డు మధ్య పడి ఉన్న పిన్నును వెతికి తెచ్చి, దాని కింది రంధ్రంలోకి వేలు పెట్టి చూశాడు. "నేను కట్టిన తీగ ఏది?" అన్నాడు. పాన్ నమలడం ఆపి మరీ అడిగాడు.

అమ్మమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పేరు చెప్తే మామ తన తల్లిని ఏమీ అనలేడు, మింగలేడు, కక్కలేడు. "నేనే తెంపిన" అన్నాను. మామ చెయ్యి చాపాడు. తాళంచెవి ఇచ్చేశాను. కూడిక బాగానే జరిగింది, మధ్యలో కరెంటు పోయింది, జనరేటరు నడిచింది, నేను మాత్రం గోడ పక్కన చెప్పుల దగ్గర నిలబడి కీర్తనలు విన్నాను.

మర్నాడు పొద్దున అమ్మమ్మ కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే పాన్ మిస్త్రీ షెడ్డులో, ఆంజనేయస్వామి పటం కింద, ఇస్త్రీ చేసిన తెల్లచీరలో స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన మామ తలవంచుకుని నిలబడ్డాడు.

"పిలగాడు తెంపిండు గాని మాట నాది" అంటోంది అమ్మమ్మ. "తీగ ఎందుకో అడగకుంట తెంపమన్న. తప్పు నాది. ఆని తాళంచెవి ఆనికియ్యి కొడకా."

మిస్త్రీ ఇబ్బందిగా, "పోనీ అమ్మా, ఈసారి నిమ్మకాయ లేకుండ ఉత్త తీగ కడత" అన్నాడు.

"నిమ్మకాయ ఇటియ్యి, పప్పుల పిండుకుంట. తీగ మాత్రం గట్టిగ కట్టు."

మామ జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. నన్ను చూడకుండా, "నిన్ననే చెప్పొచ్చు కదరా" అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్లు ఆ బండి నడిపాను. బయల్దేరే ముందు ప్రతిసారీ అమ్మమ్మ వచ్చేది. ముందు వంగి తీగను వేలితో లాగి చూసేది, ఆ తర్వాతే కళ్లు మూసుకునేది. ప్రార్థనలో ప్రభువుతో కూడా "ఈ బండిని, ఈ ట్రాలీని, ఈ తీగను" అని విడివిడిగా చెప్పేది, ఏదీ మరిచిపోకుండా.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. పికప్ ఎక్కడ తుక్కయిందో తెలియదు. ఇప్పుడు నాది చిన్న పెట్రోలు కారు, పొగ రాదు, వెనక ఏమీ తగిలించను. అయినా బయల్దేరే ముందు వెనక్కి వెళ్లి బంపరు కిందికి ఒకసారి వంగి చూస్తాను. "ఏం పోయిందండీ?" అంటుంది నా భార్య సీట్లోంచి. ఏమీ లేదంటాను. ఈమధ్య వంగితే నడుం పట్టేస్తోంది, లేవడానికి డిక్కీ పట్టుకోవాల్సి వస్తోంది. అయినా వంగుతాను.