మగ్గాలు ఆపమన్న అశ్విని

తెలుగు నేతగాళ్ళు స్థిరపడ్డ దాజీ పేట్‌లో పుట్టినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. పొద్దున లేచింది మొదలు పవర్‌లూమ్‌ల మోత మీద గొంతు పెంచీ పెంచీ, మంచినీళ్ళు అడిగినా పోట్లాటకు దిగినట్టే ఉంటుంది. అశ్విని సైకాలజీ చదవడానికి పుణే పోయినప్పుడు హాస్టల్లో అమ్మాయిలు మొదట్లో ఆమెను చూసి హడలిపోయారు. తరువాత గొంతు తగ్గించుకుంది గానీ పట్టుదల మాత్రం తగ్గించుకోలేదు.

ఇప్పుడు ఆమె పరిశోధన కౌమారంలో ఉన్న పిల్లల మనసు మీద. ఆ వయసులో పుట్టుకొచ్చే దిగులు, కోపం, భయం పిల్లలు ఎవరితో చెప్పుకుంటారు, చెప్పుకోలేనివాళ్ళు ఏమవుతారు అన్నది ఆమె ప్రశ్న. కాలేజీ పిల్లల మీద చేసుకోమ్మా, హాయిగా అయిపోతుందని గైడు నచ్చజెప్పాడు. సొంత పేటకు పోయి మగ్గాల ఇళ్ళలో పిల్లల మీదే చేస్తానని అశ్విని మొండికేసింది. ఆమె మొండికేస్తే బ్రహ్మదేవుడు దిగొచ్చినా లాభం లేదు.

అలా బడిలో పరిచయమైన పిల్ల ఋతుజ. తొమ్మిదో తరగతి. ఉన్నట్టుండి బడి మానేసి ఇంట్లో కూర్చుంది. ఎవరితోనూ మాట లేదు, అన్నం సరిగా తినదు. తండ్రి లింగయ్య సేటు ఇచ్చే నూలుతో ఇంట్లోనే నాలుగు మగ్గాల మీద టవళ్ళు నేస్తాడు. తల్లి శాంత పక్కన కూర్చుని కండెలు చుడుతుంది.

"వయసు పొగరు చెల్లె, అదే దిగుతది," అన్నాడు లింగయ్య. అశ్వినికి ఒళ్ళు మండింది.

శాంతను ఒప్పించి, పిల్లను మగ్గాల మోతకు దూరంగా హోట్గి రోడ్‌లోని తన చిన్న గదికి తీసుకెళ్ళింది. చీమ చిటుక్కుమన్నా వినపడే గది అది. ఆ నిశ్శబ్దమే మందు అనుకుని అశ్విని పప్పులో కాలేసింది. మోతలో పెరిగిన పిల్ల అక్కడ బిక్కచచ్చిపోయింది. చాలాసేపటికి నోరు విప్పింది.

"మీతోని కాదు మేడం, బాపుతోని చెప్పాలె. ఎప్పుడు చెప్పవోయినా మగ్గాల సప్పుడుల ఇనవడక ఏందే, ఏందే అంటడు. అది మొత్తుకుని చెప్పేటిది కాదు."

"మగ్గాలకు సుట్టీ ఉన్ననాడు చెప్పరాదా?"

"సుట్టీ నాడు సేటు దగ్గరికి పోతడు. వచ్చి పండుకుంటడు."

ఆ పిల్ల మళ్ళీ మూగనోము పట్టకముందే తండ్రి చేత మగ్గాలు ఆపించాలి. ఇక అశ్వినికి వేరే ధ్యాస లేదు.

మర్నాడే వెళ్ళి అడిగింది. లింగయ్య తలెత్తకుండానే అరిచాడు.

"నడిమిట్ల ఆపితే బట్టల గీత వడ్తది. సేటు మాల్ వాపస్ పంపుతడు!"

ఆ మర్నాడు మళ్ళీ పోయింది. ఆపైన రోజూ పోయింది. శాంత ఇచ్చిన చాయ్ తాగి మగ్గం పక్కనే నిలబడేది. లింగయ్య విసుక్కున్నా కదిలేది కాదు. చివరికి ఒకరోజు ఓపిక నశించి, ఎప్పుడో వదిలేసిన పేట గొంతు బయటికి తీసింది.

"లింగన్నా! మీ బిడ్డ నాకు చెప్పనంటున్నది. వాళ్ళమ్మకు గూడ చెప్పదట. మీకే చెప్తదట! గీత వడ్డ టవల్ నాకియ్యుండ్రి, నేనే మొఖం తుడ్సుకుంట. మగ్గాలు ఆపుండ్రి!"

లింగయ్య చెయ్యి ఆగింది.

"నాకే చెప్తనన్నదా?"

నమ్మలేనట్టు, మూలన కూర్చున్న కూతురి వైపు చూశాడు. తరువాత ఒక్కో మగ్గం దగ్గరికీ వెళ్ళి మోటారు బంద్ చేశాడు. వచ్చి కూతురికి ఎదురుగా నేల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అశ్విని పక్కకు జరిగి గోడకు ఆనుకుంది.

"బాపూ, పొద్దున లేస్తే గుండె దడదడ కొట్టుకుంటది. బడికి పోవాలంటే కాళ్ళు వణుకుతయ్. ఎందుకో నాకే తెల్వదు. భయమైతుంది బాపూ."

ఋతుజ గొంతు నూలుపోగంత సన్నగా ఉంది. అయినా లింగయ్య ప్రతి మాటా విన్నాడు.

అంతలో గుమ్మం దగ్గర అలికిడి. ఆ పేటలో పనిరోజున, కరెంటు ఉండగా ఒక ఇంటి మగ్గాలన్నీ ఆగాయంటే చావు కబురు వచ్చిందనే లెక్క. పక్కింటి సీతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగున వచ్చింది. వెనకాల ఇంకో నలుగురు.

"అయ్యో లింగయ్యా, ఎవలు వోయిండ్రురా?"

లింగయ్య లేవలేదు. కూతురి చెయ్యి వదలకుండానే, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా అన్నాడు.

"ఎవ్వలు వోలేదక్కా. బిడ్డ మాట్లాడుతుంది. జర సప్పుడు జెయ్యకుండ్రి."