నాలుగు డబ్బాల మీద ఒకే పేరు

2023 చలికాలం. హనుమకొండలోని ఒక కళాశాలలో ఫిల్మ్ కోర్సు విద్యార్థులకు శబ్దగ్రహణం నేర్పడం నాకది ఆరో సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి కావడం వల్లనేమో, నియమాలంటే నాకు పట్టింపు ఎక్కువ. స్క్రిప్టులో ఉన్న మాట నటుల నోట రాకపోతే ఆ టేక్ తప్పు. అంతకు మించి ఆలోచించేవాణ్ణి కాదు.

ఆ ఆదివారం ఉదయం చివరి సంవత్సరం విద్యార్థిని స్రవంతి తన చిత్రంలోని ముఖ్య సన్నివేశాన్ని మట్టెవాడలో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో తీస్తోంది. కూతురు హాస్టల్‌కు వెళ్లే రోజున తల్లి ఒక టిఫిన్ డబ్బా కొని, దానిపై కూతురి పేరు చెక్కించి ఇస్తుంది. ఇదీ సన్నివేశం. కూతురి పాత్ర పేరు లావణ్య. తల్లి పాత్ర కోసం స్రవంతి, తొర్రూరు దగ్గరి పల్లె నుంచి సొంత తల్లి ఎల్లమ్మ గారినే తీసుకువచ్చింది. దుకాణదారుగా ఆ దుకాణం యజమాని వీరేశం గారే నటిస్తున్నారు.

ఆ రోజు శబ్దం నేనే రికార్డు చేస్తున్నాను. మా కోర్సులో సింక్ సౌండ్ తప్పనిసరి. అంటే మాటలను తరువాత డబ్బింగ్ చెప్పించకూడదు, నటిస్తున్నప్పుడే రికార్డు చేయాలి. పది గంటలకు బజారు తెరుచుకుంటే ఆ చప్పుడులో అది సాధ్యం కాదు. పెళ్లిళ్ల గిరాకీ మొదలవుతున్నందున మరో రోజు దుకాణం ఇవ్వలేమని వీరేశం గారు ముందే చెప్పారు. ఆ ఉదయం ఈ సన్నివేశం దక్కకపోతే స్రవంతి చిత్రం ఆగిపోయినట్టే.

మొదటి టేక్‌లో వీరేశం గారు చెక్కే మిషన్ చేతిలోకి తీసుకుని అడిగారు. "పేరేం రాయాలె అక్కా?"

"స్రవంతి," అన్నారు ఎల్లమ్మ గారు.

"కట్. అమ్మా, లావణ్య అనాలె. జర యాది పెట్టుకో," అంది స్రవంతి.

మిషన్ మాత్రం ఆగలేదు. పేరు పూర్తయ్యాక గాని వీరేశం గారు తల ఎత్తలేదు. "సగం పేరు రాసి ఇడిసిపెట్టుడు మా నాయిన నేర్పలే బిడ్డా," అన్నారు.

రెండో టేక్‌లోనూ అదే జరిగింది. మూడోసారి ఎల్లమ్మ గారు "లా..." అని ఆగి, నెమ్మదిగా "స్రవంతి" అన్నారు. మూడో డబ్బా మీదా ఆ పేరే చెక్కారు.

"బస్సుల పొడుగూత లావణ్య, లావణ్య అనుకుంటనే వచ్చినవ్ గదనే అమ్మా."

"అనుకున్న బిడ్డా. ఈడ నిలవడితె వస్తలేదు."

"ఈ తీరు డబ్బాలు ఇంక రెండే ఉన్నయి," అని వీరేశం గారు నవ్వారు. "ఇట్లనే నడిస్తె నీ బిడ్డ పేరు మీద హోటల్ తెరువొచ్చు అక్కా."

అప్పటికి తొమ్మిదింబావు. స్రవంతి కళ్లు తుడుచుకుంటూ కెమెరా చూస్తున్న మిత్రుడితో మాట్లాడడానికి బయటికి వెళ్లింది. ఎల్లమ్మ గారి కొంగు కింద అమర్చిన లాపెల్ మైక్, అంటే బట్టలకు తగిలించే చిన్న మైకు, ఇంకా ఆన్‌లోనే ఉంది. నా హెడ్‌ఫోన్స్‌లో ఆమె గొంతు వినిపించింది.

"అది హాస్టల్‌కు వోయిన్నాడు నిజంగనే డబ్బా కొనియ్యాలనుకున్న అన్నా. పత్తి ఏరుడు నడుస్తుండె, రాలేకపోయిన. ఒక్కతే బస్సెక్కి పోయింది. ఇయ్యాల డబ్బా చేతుల వట్టుకొని మంది పిల్ల పేరు ఎట్ల చెప్పాలె?"

"చెప్పకు," అన్నారు వీరేశం గారు.

టేకుల మధ్య వినబడిన మాట హెడ్‌ఫోన్స్ దాటకూడదని ఏటా విద్యార్థులకు చెప్పేది నేనే. అయినా టేక్ ఎందుకు తప్పుతోందో నాకు తెలిసింది, డైరెక్టరైన స్రవంతికి తెలియదు. లేచి ఎల్లమ్మ గారి దగ్గరకు వెళ్లాను.

"అమ్మా, మైక్ ఆన్‌ల ఉండె. మీ మాట నాకు వినవడ్డది. తప్పు నాదే. స్రవంతికి చెప్పమంటరా?"

"వద్దు సార్. అది ఏడుస్తది, పని ఖరాబైతది. కతల పిల్ల పేరు మార్చుమనుండ్రి, చాలు."

స్రవంతితో అంతే చెప్పాను.

"ముందుగాల తీసిన హాస్టల్ సీన్లల్ల లావణ్య అని పిలిచిర్రు గద సార్?"

"ఆ గది మన కాలేజీదే. ఒక్క సాయంత్రంల మళ్ల తీద్దాం. లావణ్యనైతె మార్చొచ్చు, మీ అమ్మను మార్చలేం."

స్రవంతి తన తల్లి వైపు చూసింది. ఆ ఉదయం మొదటిసారి నవ్వింది.

నాలుగో టేక్. "పేరేం రాయాలె అక్కా?"

"స్రవంతి. జర పెద్దగ రాయన్నా. దూరంకెల్లి కనవడాలె."

రెండో మాట స్క్రిప్టులో లేదు. మిషన్ రొద మొదలై, పేరు పూర్తయి, ఎల్లమ్మ గారు డబ్బాను కొంగుతో తుడిచేదాకా డైరెక్టర్ కట్ చెప్పడం మరిచిపోయింది. నేను గుర్తు చేయలేదు.

పేరు చెక్కిన సామాను వెనక్కి తీసుకోరు. ఎల్లమ్మ గారు ఇంటి నుంచి తెచ్చిన బియ్యప్పిండి రొట్టెలు, సర్వపిండిని ఆ నాలుగు డబ్బాల్లోనే సర్దారు. దుకాణం మెట్ల మీద కూర్చుని అందరం తిన్నాం. "డైరెక్టరమ్మా, అందరం నీ పేరు మీదనే తింటున్నం," అని వీరేశం గారు ఇంకో ముక్క తీసుకున్నారు.

ఒకే తప్పు ఒకే చోట మాటిమాటికీ దొర్లుతుంటే మతిమరుపని తోసిపుచ్చకూడదని ఆ ఉదయం తెలుసుకున్నాను. ఇప్పుడు మూడో టేక్ తప్పగానే హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెడతాను. వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చుంటాను. మైక్ ఆపానని ముందుగా చెప్పి, ఆ తరువాతే ఏమైందని అడుగుతాను.