వంగి విరగాలి

ఈ ఉదయం చేపల మేత సంచి మూతి విప్పితే రావాల్సిన వాసన రాలేదు. తడిసిన చెరువుగట్టు వాసన, దానిలో కొంచెం పులిసిన పిండి వాసన కలిసి రావాలి. బయట పసుపు ఉడికే కడాయిల ఆవిరి ఆర్మూరును కమ్మేసి ఉంది కాబట్టి నా ముక్కే మొద్దుబారిందేమో అనుకున్నాను. ఒక గుళిక తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఎండుగడ్డి రుచి. ఉమ్మేసి ఆ సంచి మీదే కూలబడ్డాను. సరుకు తీసుకుపోయే ఆటో రావడానికి ఇంకా గంట ఉంది. లేచే ఓపిక లేదు. గంగామణి ఉంటే ఇదే గుళిక నమిలి ఏమనేదో నాకు తెలుసు.

మా కల్లంలో ఆరిన పసుపును కళ్లు మూసుకుని కొనొచ్చని ఒకప్పుడు మార్కెట్లో చెప్పుకునేవారు. మా నాన్న ఎండిన కొమ్మును చెవి దగ్గర పెట్టి విరిచేవాడు. గాజు పగిలినట్టు టక్కుమంటేనే సరుకు బయటికి పోయేది. ఆయన తర్వాత భూములు పోయాయి, మనుషులు పోయారు. మూడు గదులు, ఆ బండల కల్లం, నిటారుగా కూర్చునే అలవాటు నాకు మిగిలాయి.

గంగామణిది చేపలు పట్టే కుటుంబం. కోస్తాలో రొయ్యల మేత మిల్లులో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చింది. ఒకరోజు మా గడప బయటే నిలబడి అడిగింది.

“పటేలా, కల్లం ఖాళీగనే ఉన్నది గదా. షెడ్డేసి చేపలకు దాణ చేస్త.”

“మా నాయిన పసుపారబోసిన కల్లమది.”

“నాకెర్క లేదా? మా అమ్మ ఊడ్సిన కల్లమే గదా!” అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. “సముద్రంల చిన్న చేపలను పట్టి, ఎండవెట్టి, పొడి గొట్టి మన చేపలకు పెడ్తున్నరు. చేపను పెంచుతందుకు చేపనే సంపుడేంది? నాచుల మస్తు బలమున్నది. ఈస్టుల ఉన్నది. రెండూ తొట్లల్ల మనమే పెంచుకోవచ్చు.”

నాకు పని అవసరమని నేను అనలేదు. అనేవాణ్ని కాదు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, “షెడ్డు సూసుకునే పెద్దమనిషి దొర్కుతలేడు. మీరు జర నిలవడ్తరా?” అంది. అవసరం తనదైనట్టే అడిగింది. ఆ మర్యాద నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

నాచు ముద్దను, ఈస్టును, తవుడును కలిపి మురుకుల్లా వత్తి, నీడలో ఆరబెట్టి ముక్కలు చేసేవాళ్లం. ప్రతి విడతలోనూ ఒక ముక్క ఆమె నోట్లో వేసుకునేది. నన్నూ వేసుకోమంది.

“మా ఇంట్ల చేపల దాణ ఎవ్వరు నోట్ల పెట్టలే,” అన్నాను.

“మీ ఇంట్ల పసుపు ఉడికిందా లేదా అని మా అమ్మ కొరికి సూసేటిది. ఎండకాలం దాంక ఆమె పెదవులు పచ్చగనే ఉండేటివి. మీ నాయిన ఇరుసుడే అందరికి కనవడ్డది.”

అయినా నేను రుచి చూడలేదు.

ఆ ఏడాది చేపల సంఘం వాళ్లు మా మేతను తమ కుంటలో వేసి చూస్తామన్నారు. చేపలు తింటే ఏడాదంతా తీసుకుంటారు, లేకుంటే షెడ్డు మూతే. సరిగ్గా ఆ వారమే గంగామణి నిజామాబాద్ దవాఖానలో పరీక్షల కోసం ఉండాల్సి వచ్చింది. పోతూ పోతూ ఒక్క మాటే చెప్పింది. “నీడకే ఆరనియ్యుండ్రి. వంగి ఇరగాలె, గంతే.”

వంగిన ముక్క నా చేతికి పచ్చిసరుకులా తోచింది. సరుకంతా ఎత్తి, షెడ్డు బయట మిగిలిన కల్లంలో ఎండకు పరిచాను. నాలుగో రోజు చెవి దగ్గర విరిస్తే టక్కుమంది. చాలా కాలం తర్వాత మా నాన్న చేయి నా చేతిలోకి వచ్చినట్టయింది.

గంగామణి తిరిగొచ్చాక ఆ మేత కుంటలో వేయగానే చేపలు గుంపుగా వచ్చాయి. నోట పట్టాయి, వదిలేశాయి. సంఘం పెద్ద రాజన్న గట్టు మీంచి అరిచాడు. “ఏందక్కా, దాణ తెచ్చినవా, కంకర తెచ్చినవా? ఉమ్మేస్తున్నయ్!” అందరూ నవ్వారు. గంగామణి ఒక ముక్క నమిలింది. ఒక్కసారి నా వైపు చూసింది. నేను నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

“తప్పు నాదే రాజన్నా. ఎండకు మాడింది,” అంది.

తిరుగు దారిలో ఆటోలో అంది. “మీరు చెప్తరేమోనని సూసిన పటేలా.” కోపం లేదు. అలసట ఉంది. అది భరించడం కష్టమైంది.

మరునాడు పొద్దున ఒక్కణ్నే సంఘానికి వెళ్లాను. మా ఇంటి ముందు చెప్పులు విడిచి నిలబడ్డ తండ్రుల కొడుకులు వాళ్లు. “ఆమె లేనప్పుడు ఎండకు పెట్టింది నేను. తప్పు నాది,” అన్నాను. నీడన ఆరిన పాత విడతలోంచి తెచ్చిన ముక్క వాళ్ల ముందే నోట్లో వేసుకుని నమిలాను. ఎవరూ నవ్వలేదు. రాజన్న కుర్చీ నా వైపు జరిపి, “ఒక మూలకు వల గట్టి ఇస్తం. ఇంకోపారి సూద్దాం,” అన్నాడు.

సంగతి విని గంగామణి అడిగింది. “రుచెట్లున్నది పటేలా?”

“చప్పగున్నది.”

“చేపలకు చెప్పకుండ్రి!”

వల మూలలో చేపలు తిన్నాయి. షెడ్డు నిలబడింది. ఆమె మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ పరీక్షల్లో ఏం తేలిందో చివరి నెలల దాకా మాకు చెప్పలేదు. ఇప్పటికీ షెడ్డు ఒక ఏడాది బాగుంటుంది, ఒక ఏడాది ఈడుస్తుంది. సముద్రపు చేపల పొడి కలిపిన మేత బజారులో దొరుకుతూనే ఉంది.

మొన్న మబ్బు పట్టి సరుకు ఆరడం లేదని ఒక పూట రేకుల షెడ్డు బయట పెట్టించాను. ఆ తర్వాత మబ్బు విడిచింది. నేను కునుకు తీశాను. ఇన్నేళ్లకూ అదే తప్పు. ఈ సంచులు పంపినా అడిగేవాళ్లు లేరు, కుంటలో తిననిది అడుక్కి పోతుంది.

రాజన్నకు ఫోన్ చేశాను. ఆటో పంపొద్దన్నాను.

“మల్ల ఎండకు పెట్టిండ్రా పటేలా?”

సంచి మీంచి లేచి నిలబడ్డాను. ఒప్పుకునేటప్పుడు మాత్రం నడుము నిటారుగా పెట్టుకుంటాను.

“పెట్టిన రాజన్నా. తప్పు నాదే.”