ఆ దయ్యం ఏ పార్టీది?

రెండు పార్టీల మనుషుల్ని ఒకే టీవీ ముందు కూర్చోబెట్టి నవ్వించినవాడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడింట్లోనూ ఒక్కడే. పెండ్లి వీడియోలు తీసే జియావుల్లా. అది అతని తొలి గెలుపు. ఊరికే రాలేదు.

చదివింది ఎనిమిదో తరగతి. తీసిన పెండ్లిళ్లు నాలుగు వందలు. 1998 ఎండాకాలంలో దయ్యం సినిమా తీయాలని బుద్ధి పుట్టింది. అదీ మామూలు సినిమాలా కాదు, ఎప్పుడో ప్రసారమైన నలుపు తెలుపు వార్తల టేపు ఎవరికో దొరికినట్టు. పక్కింటి సంజీవమ్మ వార్తలు చదువుతుంటే, వెనకాల తలగుడ్డ చుట్టిన మనిషొకడు మెల్లగా తేలతాడు. పాతదిగా కనబడాలని క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఏడుసార్లు ఎక్కించాడు. మొహాలు చెదిరి, గీతలు పడి, చూస్తే ఒళ్లు జలదరించేలా తయారైంది.

ప్రొద్దుటూరు కేబుల్లో వేశారు. జనం భయపడతారనుకుంటే, మర్నాడు ఇంటిముందు రెండు జీపులు ఆగాయి. ముఠా కక్షల ఆ రోజుల్లో పెండ్లి క్యాసెట్టు చూసేది పెండ్లికూతురి కోసం కాదు, ఎవడు ఎవడి పక్కన నిలబడ్డాడో కనిపెట్టడానికి. ఆ చూపుతోనే దీన్నీ చూశారు.

"ఎనకాల నిలబడిండేది ఎవుడప్పా? మావోడా, వాళ్లోడా?" అని నిలదీశాడు ఒక పార్టీ వెంకటేశు.

"దయ్యం మామా."

"దయ్యమేలేప్పా. ఏ పార్టీ దయ్యం?" అన్నాడు అవతలి పార్టీ చిన్నసుబ్బయ్య.

తేలేదాకా ఇచ్చేది లేదని కెమెరాను జీపులో పెట్టుకున్నాడు వెంకటేశు. అన్నం పెట్టే కెమెరా అది. సినిమాలో తలగుడ్డ కింద ఉన్నదేమో జియావుల్లా పిన్నమ్మ ఖమర్‌బీ. వీధిలో పరువు పోతుందని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

అంతలో ఆమే తలగుడ్డ చుట్టుకొని ఇంట్లోంచి వచ్చి, సినిమాలోని నడకే నడిచి, వెంకటేశు వెనకాల నిలబడింది. ఆయన తిరిగి చూసి ఎగిరి జీపుకు గుద్దుకున్నాడు.

"ఏంది వెంకటేశూ, బాంబులకు బెదరనోనివి, ముసిల్దాన్ని చూసి దడుచుకుంటాండావే! నాది ఏ పార్టీ కాదు. కెమెరా దించు!"

"మా పక్కకొచ్చెయ్ అత్తా, ఎలచ్చన్లకు నువ్వొక్కదానివి శాలు!" అని చిన్నసుబ్బయ్య పడీపడీ నవ్వాడు.

"ఆయమ్మను ముందు చూసింది నేను!" అన్నాడు వెంకటేశు. కెమెరా దిగింది. అందరూ కూర్చొని క్యాసెట్టు మళ్లీ చూశారు.

తర్వాత పులివెందుల, వేంపల్లెవాళ్లు అడిగి వేయించుకున్నారు. రెండో భాగం తీయమని రెండు పార్టీలూ వెంటబడ్డాయి. దయ్యం మాత్రం ఖమర్‌బీనే కావాలట. ఎడిటింగ్ పని నేర్చుకోవడానికి మద్రాసు పోయిన జియావుల్లా తిరిగొచ్చేది 1999 మార్చి 14, ఆదివారం. అందాకా రెండు పార్టీలూ ఆగాల్సిందే.