మడుగులో నీళ్లెక్కేదాకా

నా చిన్నప్పుడు, అంటే అరవైల చివర్లో, శృంగవరపుకోట దగ్గర కొండ కింద ఉన్న మా ఊళ్లో చర్చి అంటే ఒక తాటాకుల పాక. బాప్తిస్మాలు మాత్రం కొండ మీంచి దిగే వాగులో, మా వైపు మాటలో గెడ్డలో, ఇచ్చేవారు. ఊరి పక్కన ఆ గెడ్డ మడుగు కట్టి, పెద్దవాళ్లకి గుండెలదాకా వచ్చేది; మనిషిని నిండా ముంచి లేపడానికి ఆ లోతు కావాలి.

పాక తీసేసి ఇటుకల చర్చి కట్టాలనుకున్నారు. ఇటుక బట్టీకి కట్టెలు కావాలి. మా పాస్టరు గారే ముందు నిలబడి కొండ మీద చెట్లు కొట్టించారు. అందరూ పాటలు పాడుకుంటూ వెళ్లి కొట్టారు. చర్చి లేచింది. తర్వాతి వానలకి కొండ మీది మట్టి జారి మడుగు పూడిపోయింది.

మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, ఎన్నాళ్లో తటపటాయించి ఆ ఏడే బాప్తిస్మానికి సిద్ధపడింది. తెల్లచీర కట్టుకుని గెడ్డలోకి దిగితే నీళ్లు మోకాళ్లకి కూడా రాలేదు. అంతా బురద. ఒడ్డున పాట ఆగిపోయింది.

"దేవుడికి ఇల్లు కడదామని ఆయన కొండనే కాల్సీసినాం గదా. ఇప్పుడేటి సేద్దాం అయ్యగారూ?" అంది మామ్మ. గొంతులో కోపం లేదు.

పాస్టరు గారు ఆ బురదలోనే మోకరించారు. "కొట్టమన్నది నేనే," అన్నారు, అందరికీ వినపడేలా.

అప్పట్నుంచి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు పాపాలు ఒప్పుకునే ప్రార్థన కొండ మీద, నరికిన మొదళ్ల మధ్య జరిగేది. తలా ఓ చెంబు నీళ్లు మోసుకెళ్లి, నాటిన కానుగ, నేరేడు మొక్కలకి పోసి, "నీ నేలను పాడుచేశాం తండ్రీ" అని చెప్పుకుని, దిగొచ్చాకే రొట్టె తీసుకునేవాళ్లం.

మరో ఊరి చెరువుకి వెళ్దామంటే మామ్మ ఒప్పుకోలేదు. "ఇక్కడే. నీరెక్కినాకే," అంది. నడవగలిగినన్నాళ్లూ చెంబు పట్టుకుని కొండెక్కింది. చాలా మొక్కల్ని మేకలు తినేశాయి, కొన్ని ఎండకి పోయాయి. చివరికి ఆవిడ మంచాన పడింది. పాస్టరు గారు గెడ్డలోంచే ఓ చెంబు నీళ్లు తెచ్చి ఆవిడ తల మీద పోసి బాప్తిస్మం ఇచ్చారు. మామ్మ కళ్లు తెరిచి, "నీరెక్కినాదా అయ్యగారూ?" అని అడిగింది.

"ఇంకా లేదమ్మా," అన్నారాయన. అబద్ధం చెప్పలేకపోయారు.

తర్వాత ఆయనకి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన చర్చి వెనక సిమెంటు తొట్టి కట్టించారు. నా బాప్తిస్మం అందులోనే. తొట్టి వచ్చాక ఎవరూ కొండెక్కలేదు. నేరేడు చెట్లు నాలుగైదు మిగిలాయి గానీ, మడుగు మళ్లీ కట్టలేదు.

ఇప్పటికీ బల్ల ముందు కళ్లు మూసుకుని తప్పులు ఒప్పుకునేటప్పుడు, నా నోట ముందుగా ఆ కొండే వస్తుంది. మనుషులకి చేసినవి ఆ తర్వాత.